మోడల్ రైల్వే ప్లాను గీస్తున్న నీకు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన లేఅవుట్ ఫైలు తెరిచి తీరిగ్గా చూశాను. పట్టాల చివరలన్నీ చక్కగా కలిశాయి, ఎక్కడా సందు లేదు. లేయర్లకు పేర్లు కూడా పెట్టావు. 2.4 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు ఉన్న బల్ల మీద మూడు లూపులు (రైలు చుట్టూ తిరిగి మొదటికే వచ్చే లైన్లు), ఒకదాని మీదుగా వంతెన, మధ్యలో పెట్టెలు నిలిపి సర్దే ఆరు లైన్ల యార్డు, మూలన ఇంజిన్‌ను గుండ్రంగా తిప్పే టర్న్‌టేబుల్. మొదటి ప్లానునే ఇంత శుభ్రంగా గీసేవాళ్లు తక్కువ. సాఫ్ట్‌వేర్ నీ చేతికి బాగా లొంగింది, సంతోషం.

కాబట్టి ఏ బటన్ ఎక్కడుందో నేను చెప్పనక్కరలేదు. సాఫ్ట్‌వేర్ తనంతట తాను చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి, వాటి గురించే ఈ ఉత్తరం. నువ్వు ఏది గీయమంటే అది గీస్తుంది. ఇంజిన్ ఎక్కలేని వాలును గీస్తుంది, చెయ్యి అందని మూలలో పాయింటు (ఒక లైను రెండుగా చీలే చోటు) పెడుతుంది, కరెంటు ఇవ్వగానే షార్ట్ అయ్యే లూపును ముచ్చటగా మూసి చూపిస్తుంది. వద్దని చెప్పడం దానికి రాదు. ఎక్కడ వద్దనాలో నువ్వే ముందుగా అంకెల్లో రాసి పెట్టుకోవాలి. నీ ప్లానులో నాకు కనిపించిన చిక్కులన్నీ అక్కడి నుంచే వచ్చాయి: మొదటి పట్టా ముక్క పెట్టేనాటికి ఆ అంకెలు ఇంకా తేలలేదు.

ముందు వంతెన సంగతి చూద్దాం, ఎందుకంటే నువ్వు దానిమీదే ఎక్కువ ఆశ పెట్టుకున్నావు. నువ్వు ఎంచుకున్న హెచ్‌ఓ స్కేలు అంటే అసలు రైలులో 87వ వంతు. ఆ స్కేలులో కింది లైను మీద రైలు తగలకుండా పోవాలంటే పట్టా పై అంచు నుంచి సుమారు 76 మి.మీ. ఖాళీ కావాలి. వంతెన మందం, దానిమీది పట్టా మందం కలుపుకుంటే పై లైనుకూ కింది లైనుకూ మధ్య ఎత్తు తేడా 100 మి.మీ. దాకా వస్తుంది. నువ్వు వంతెన దగ్గర 100 అని సరిగ్గానే ఇచ్చావు. కానీ అంత ఎత్తు ఎక్కడానికి రైలుకు ఇచ్చిన దూరం 1,600 మి.మీ. మాత్రమే. లెక్క వేస్తే 6.25 శాతం వాలు. మోడల్ రైళ్లు 2 శాతం వాలు మీద హాయిగా నడుస్తాయి, 3 శాతం మీద సర్దుకుంటాయి. 4 దాటాక కాస్త పొడవైన రైలు తగిలిస్తే ఇంజిన్ చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి తప్ప బండి కదలదు. పైగా నీ వాలు వంపులో ఉంది. వంపులో చక్రాల అంచులు పట్టాకు రాసుకుంటాయి కనుక అదే వాలు ఇంజిన్‌కు ఇంకా బరువవుతుంది.

2 శాతం చొప్పున 100 మి.మీ. ఎక్కడానికి 5 మీటర్లు కావాలి, దిగడానికి మరో 5 మీటర్లు. 3 శాతానికి ఒప్పుకున్నా రెండు వైపులా కలిపి 6.6 మీటర్లు దాటుతుంది. నీ బయటి లూపు చుట్టుకొలత నేను కొలిస్తే 5.8 మీటర్లు వచ్చింది. అంటే చుట్టూ తిరిగినా వాలుకు చోటు చాలదు, ఇక స్టేషనుకు కావలసిన సమతలం ఎక్కడిది? ఇది కాక, సమతలం నుంచి వాలులోకి పట్టా ఒక్కసారిగా విరిగినట్టు తిరగకూడదు. అలా తిరిగితే పొడవైన ఇంజిన్‌కు ముందు చక్రాలు గాలిలోకి లేస్తాయి, పెట్టెల మధ్య కొక్కేలు ఊడిపోతాయి. మొదట 1 శాతం, తర్వాత 2, ఆ తర్వాత 3 అన్నట్టు మెల్లగా పెంచుకుంటూ పోవాలి. దానికి మరికొంత పొడవు ఖర్చవుతుంది.

సాఫ్ట్‌వేర్‌లో దీన్ని పట్టుకోవడం కష్టమేమీ కాదు. వాలు శాతాన్ని పట్టా పక్కనే చూపించే సదుపాయం ఈ ప్రోగ్రాముల్లో ఉంటుంది, దాన్ని ఎప్పుడూ ఆన్ చేసి ఉంచు. కాకపోతే నువ్వు ఎత్తు ఇవ్వని పట్టా సున్నా మట్టంలోనే ఉంటుంది. ఒకే మట్టంలో ఉన్న రెండు పట్టాలు ఒకదాని మీదుగా ఒకటి పోతున్నా గీత మాత్రం గీతలాగే కనిపిస్తుంది. అందుకని ఎక్కడైనా రెండు లైన్లు దాటుకునేలా గీసిన మరుక్షణం, ఇంకో ముక్క పెట్టక ముందే, రెంటికీ ఎత్తులు ఇచ్చేయి. వంతెన తప్పనిసరిగా కావాలనుకుంటే ఒక ఉపాయం ఉంది: ఒక లైను 50 మి.మీ. ఎక్కాలి, రెండోది 50 మి.మీ. దిగాలి. అప్పుడు ఒక్కో లైనుకు కావలసిన దూరం సగానికి తగ్గుతుంది. ఇది చెయ్యాలంటే బల్ల పైభాగం ఒకే పలకగా ఉండకూడదు, పట్టా పోయే దారికి మాత్రమే పలక పరిచి, కింద చట్రం మీద నిలువు ముక్కలతో దాన్ని నిలబెట్టాలి. ఆ నిర్ణయం కూడా గీతల దశలోనే జరగాలి.

ఇక వంపులు. నీ లోపలి లూపు వ్యాసార్ధం 406 మి.మీ. అని చూపిస్తోంది. కంపెనీలు దీనికన్నా బిగుతైన వంపులు కూడా అమ్ముతాయి; మార్క్లిన్ అనే కంపెనీ సి-ట్రాక్‌లో మొదటి వంపు 360 మి.మీ. నడవడమంటే నడుస్తాయి. కానీ నువ్వు ఉత్తరంలో పొడవైన ప్రయాణికుల రైలు నడపాలని రాశావు. యూరప్‌లో ఇప్పుడు నడిచే 26.4 మీటర్ల పెట్టెను 87తో భాగిస్తే 303 మి.మీ. వస్తుంది. అలాంటి పెట్టె 406 వంపులో తిరుగుతుంటే దాని నడుము లోపలికి, చివరలు బయటికి పొడుచుకువచ్చి, పక్క లైను రైలును గీరుకుంటూ పోతుంది. ఈ హాబీలో చాలాకాలంగా వాడుకలో ఉన్న కొలత ఒకటి చెబుతాను: వంపు వ్యాసార్ధం నీ దగ్గరున్న అతి పొడవైన పెట్టెకు కనీసం మూడు రెట్లు ఉండాలి. రెండున్నర రెట్లు ఉన్నా చాలావరకు నడుస్తుంది. నాలుగు రెట్లు ఉంటే బయటి వైపు నుంచి చూసినా అందంగా ఉంటుంది. 303కు మూడు రెట్లంటే 909 మి.మీ. ఆ వంపుతో రైలు వెనక్కి తిరిగి రావాలంటే దాదాపు 1.9 మీటర్ల వెడల్పు కావాలి. నీ బల్ల వెడల్పు 1.2.

ఇక్కడ నిరుత్సాహపడకు. ఎన్ స్కేలులో, అంటే 160వ వంతులో, అదే పెట్టె 165 మి.మీ. ఉంటుంది. మూడు రెట్లు 495. నీ 1.2 మీటర్ల బల్లలో అంచు నుంచి 6 సెం.మీ. వదిలినా 540 మి.మీ. వ్యాసార్ధంతో ఒక లూపు, దాని లోపల 507తో ఇంకో లూపు పడతాయి. రెండూ హద్దుకు పైనే ఉన్నాయి. వంతెనకు కూడా ఎన్ స్కేలులో 55 మి.మీ. ఎత్తు సరిపోతుంది. 2.5 శాతం వాలు మీద 2.2 మీటర్లలో ఎక్కి, 2.2 మీటర్లలో దిగవచ్చు. అంటే నువ్వు కోరుకున్న బొమ్మ మొత్తం దాదాపుగా ఎన్ స్కేలులో సాధ్యమే, హెచ్‌ఓలో మాత్రం కుదరదు. బల్ల మారలేదు, స్కేలు మారిందంతే.

ఇళ్లలోకి కంప్యూటర్లు రాకముందే అమెరికాలో జాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే ప్లానర్ ఇలాంటి లెక్కకు ఒక తేలిక దారి చూపించాడు. కనీస వ్యాసార్ధానికి రెండు లైన్ల మధ్య దూరాన్ని రెండింతలు చేసి కలపాలి. అంత భుజం ఉన్న చదరపు గళ్లుగా గదిని గీయాలి. రైలు పూర్తిగా వెనక్కి తిరగాలంటే వెడల్పులో రెండు గళ్లు కావాలి. హెచ్‌ఓలో 900 వ్యాసార్ధం, లైన్ల మధ్య 50 మి.మీ. అనుకుంటే గడి భుజం ఒక మీటరు. నీ బల్ల వెడల్పు గడిన్నర కూడా లేదు. ఎన్‌లో 495, 33 తీసుకుంటే గడి 561 మి.మీ.; రెండు గళ్లు పట్టి కొంచెం మిగులుతుంది. సాఫ్ట్‌వేర్‌లో కింద కనిపించే గ్రిడ్ కొలతను ఈ గడి భుజానికి మార్చుకో. ఒక్క పట్టా కూడా పెట్టకుండానే ఏది పడుతుందో, ఏది పడదో కళ్ల ముందు ఉంటుంది. నాకు ఈ రంగంలో తెలిసిన పద్ధతుల్లో దీనిమీద ఉన్నంత గౌరవం మరి దేనిమీదా లేదు.

వంపుల విషయంలో ఇంకో రెండు మాటలు. ఒకవైపు తిరిగిన వంపు వెంటనే రెండోవైపు తిరిగితే, ఆ రెంటి మధ్య కనీసం ఒక పెట్టె పొడవున తిన్నని పట్టా ఉండాలి. నీ స్టేషను ముఖద్వారంలో పక్కపక్కనే రెండు పాయింట్లు పెట్టినప్పుడు తెలియకుండానే అలాంటి మెలిక తయారైంది. పెట్టెలు పట్టా తప్పేది సరిగ్గా అక్కడే. రెండోది, కావలసినట్టు వంచుకునే ఫ్లెక్స్ ట్రాక్ వాడిన చోట సాఫ్ట్‌వేర్ రెండు చివరలను నున్నగా కలిపి చూపిస్తుంది, కంటికి వంపు విశాలంగానే అనిపిస్తుంది. అయితే దాని మధ్యలో ఒకచోట వ్యాసార్ధం హద్దుకన్నా తగ్గిపోయి ఉండవచ్చు. సెట్టింగ్స్‌లో కనీస వ్యాసార్ధం ఇచ్చి పెట్టుకుంటే చాలా ప్రోగ్రాములు అలాంటి చోటును రంగు మార్చి చూపిస్తాయి. ఆ హెచ్చరికను చూసీచూడనట్టు వదిలెయ్యకు.

ఇప్పుడు యార్డు. నీ ఆరు లైన్లలో ఒక్కోదాని పొడవు 1,200 మి.మీ. అని జాబితాలో ఉంది, అందుకని ఒక్కో లైనులో నాలుగు పెట్టెలు నిలుస్తాయని లెక్క వేసుకున్నావు. సాఫ్ట్‌వేర్ ఇచ్చింది పట్టా పొడవు. రైలు నిలవగలిగే పొడవు వేరు. పాయింటు దగ్గర రెండు లైన్లు విడిపోయిన వెంటనే రైలును నిలిపితే దాని మూల పక్క లైను రైలుకు తగులుతుంది. రెండూ తగలనంత దూరం జరిగిన తర్వాత నుంచే నిలుపుదల మొదలవుతుంది. దీన్ని నువ్వే కొలిచి చూడవచ్చు: పెట్టె వెడల్పు, పొడవు ఉన్న రెండు దీర్ఘచతురస్రాలు గీసి, ఒక్కోదాన్ని ఒక్కో లైను మీద పెట్టి, పాయింటు వైపు మెల్లగా జరుపుకుంటూ పో. అంచులు ఎక్కడ కలుస్తాయో అక్కడ ఒక ఎర్ర గీత గియ్యి. పీకో అనే కంపెనీ స్ట్రీమ్‌లైన్ పాయింట్లలో లైన్లు 12 డిగ్రీల కోణంలో విడిపోతాయి. ఆ కోణంలో మధ్య గీతలు 45 మి.మీ. ఎడం కావడానికే 200 మి.మీ. పైచిలుకు పడుతుంది. నీ యార్డుకు రెండు చివరలా పాయింట్లున్నాయి కనుక 1,200లో 400 పోయింది. మిగిలిన 800లో 200 మి.మీ. ఇంజిన్, 300 మి.మీ. పెట్టెలు రెండు. అంతే.

పైగా లైను ఇరుకులో ఉంటే చెయ్యి పెట్టి పట్టా మీదికి పెట్టెను ఎక్కించలేవు. నీ ఆరు లైన్లలో రెండు తీసేసి, మిగిలిన నాలుగింటిని ఎడం చేసి, ఒక చివర మూసెయ్యి. అప్పుడు పాయింట్లు సగానికి పైగా తగ్గుతాయి, నిలిపే పొడవు పెరుగుతుంది. యార్డులోకి పెట్టెలను తోసే ఇంజిన్‌కు ప్రధాన లైనుతో సంబంధం లేని సొంత పట్టా ఒకటి ఉండాలి, అది యార్డులోని అతి పొడవైన లైనంత ఉండాలి. నీ ప్లానులో అది లేదు. ఇలా పెట్టెలను తోసి సర్దే పని, అంటే షంటింగ్, మొదలుపెట్టిన ప్రతిసారీ బయటి లూపులో రైలు ఆగిపోవాల్సి వస్తుంది. ఇంజిన్ పెట్టెలను వదిలి చుట్టూ తిరిగి రెండో చివరకు వచ్చే చోట కూడా ఇలాంటిదే చూసుకో: పాయింటు దాటాక ఇంజిన్ పూర్తిగా పట్టేంత పట్టా మిగలాలి. నువ్వు 120 మి.మీ. ఇచ్చావు, నీ ఇంజిన్ 200.

ఎక్కువ పట్టాలుంటే ఎక్కువ ఆట ఉంటుందని అందరూ అనుకుంటారు. బ్రిటన్‌లో అలన్ రైట్ కట్టిన ఇంగిల్‌నుక్ సైడింగ్స్ అనే చిన్న లేఅవుట్ ఆ నమ్మకాన్ని తలకిందులు చేసింది. అందులో పాయింట్లు రెండే. మూడు సైడింగులు, అంటే వ్యాగన్లు నిలిపే పక్క లైన్లు: ఒకదాంట్లో ఐదు వ్యాగన్లు, మిగతా రెంటిలో మూడేసి పడతాయి. ఇంజిన్ నిలిచే వైపు పట్టా ఇంజిన్‌కు, మూడు వ్యాగన్లకు సరిపోతుంది. ఎనిమిది వ్యాగన్లలో చీటీ వేసి ఐదింటిని ఎంచి, చీటీల్లో వచ్చిన వరుసలోనే రైలు తయారు చెయ్యాలి. ఎనిమిదింటి నుంచి ఐదింటిని వరుసగా ఎంచే దారులు 6,720 ఉన్నాయి. పొట్టి వ్యాగన్లతో హెచ్‌ఓలో ఇది మీటరున్నర అరలో పడుతుంది. ఈ రాత్రికే దీన్ని నీ సాఫ్ట్‌వేర్‌లో గీసి చూడు. సైడింగు పొడవు ఒక్క వ్యాగనంత తేడా వచ్చినా ఆట ఎలా చెడుతుందో తెలిస్తే, నిలుపుదల పొడవు గురించి నేను పైన చెప్పినదంతా నీకు చేతికందుతుంది.

గది విషయానికి వస్తాను. తెర మీద లేఅవుట్‌ను ఎప్పుడూ పైనుంచి చూస్తాం, గదిలో మాత్రం అంచున నిలబడతాం. అక్కడి నుంచి చెయ్యి హాయిగా 60 సెం.మీ. అందుతుంది, కాస్త వంగితే 75. అంతకు మించితే మోచేయి సిగ్నళ్ల మీద పడుతుంది. నీ బల్లను రెండు గోడలు కలిసే మూలకు నెట్టి గీశావు. ఆ మూలన టర్న్‌టేబుల్ పెట్టావు. పట్టా తప్పిన ఇంజిన్‌ను అక్కడి నుంచి తియ్యడానికి బల్ల ఎక్కాల్సి వస్తుంది. నీ గది 3 మీటర్లు, 2.7 మీటర్లు కదా; బల్ల పొట్టి వైపును మాత్రమే గోడకు ఆనించి, పొడుగు వైపులు రెండూ ఖాళీగా వదిలితే ఒక్కో పక్క 75 సెం.మీ. దారి మిగులుతుంది, చివరన 60. మధ్య గీత దాకా అన్ని చోట్లా చెయ్యి అందుతుంది. అయితే తలుపు గీయలేదు నువ్వు. లోపలికి తెరుచుకునే తలుపైతే దాని రెక్క తిరిగే చాపాన్ని కూడా గియ్యి. కిటికీ, స్విచ్చులు, బీరువా, కుర్చీ వెనక్కి లాగే చోటు, అన్నీ ప్లానులో ఉండాలి. గోడల మూలలు లంబంగా ఉన్నాయని నమ్మకు. మూల నుంచి ఒక గోడ మీద 90 సెం.మీ., రెండో గోడ మీద 120 సెం.మీ. గుర్తు పెట్టి ఆ రెంటి మధ్య కొలిస్తే 150 రావాలి. రాకపోతే ఎంత తేడా ఉందో ఫైలులో ఎక్కించు.

కరెంటు సంగతి క్లుప్తంగా చెబుతాను, కానీ తేలిగ్గా తీసుకోకు. నీ రెండో లూపును అడ్డంగా కోస్తూ ఒక లైను పోతోంది చూడు, దాని మీద వేలు పెట్టి రైలులా ముందుకే జరుపుతూ పో. కాసేపటికి అదే చోటికి ఎదురుముఖంగా వస్తావు. రెండు పట్టాలతో కరెంటు ఇచ్చే పద్ధతిలో అక్కడ కుడి పట్టా ఎడమ పట్టాకు తగిలి షార్ట్ అవుతుంది. ప్లానును ప్రింటు తీసి, ఒక పట్టాను ఎర్రగా, రెండోదాన్ని నీలంగా చివరిదాకా రంగువేస్తే ఎర్రా నీలం ఎక్కడ ఎదురవుతాయో తెలిసిపోతుంది. ఆ భాగాన్ని రెండు చివరలా ప్లాస్టిక్ కీళ్లతో విడదీయాలి, విడదీసిన భాగం నీ అతి పొడవైన రైలుకన్నా పొడవుండాలి. డిజిటల్ కంట్రోల్ అయితే అక్కడ కరెంటు దిశను తనంతట తానే మార్చే ఆటో రివర్సర్ పెడతారు. మార్క్లిన్‌లా మధ్యలో మూడో కరెంటు దారి ఉన్న పద్ధతిలో ఈ తలనొప్పి లేదు.

ఏ సాఫ్ట్‌వేర్ వాడాలని అడిగావు. నువ్వు వాడుతున్న స్కార్మ్ మంచిదే, ముక్కలుగా వచ్చే పట్టాలతో గీయడానికి మరీ అనువు. ఉచితంగా 100 పట్టాల వరకు గీయనిస్తుంది. ఎనీరైల్ చేతికి ఇంకా మెత్తగా ఉంటుంది కానీ ఉచిత హద్దు 50 ముక్కలే. ఈ రెండూ విండోస్‌వి. ఎక్స్‌ట్రాక్‌క్యాడ్ పూర్తిగా ఉచితం, హద్దు లేదు, లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ నడుస్తుంది. నేర్చుకోవడానికి ఓర్పు కావాలి గాని, తిన్నని పట్టా నుంచి వంపులోకి మెల్లగా దింపే సదుపాయం అందులో ఉంది, గీసిన పట్టాల మీద రైలు నడిపి కూడా చూడవచ్చు. ఎప్పుడైనా పాయింట్లను సొంత చేతులతో తయారు చెయ్యాలనిపిస్తే టెంప్లాట్ వైపు చూడు, ఇప్పుడు అక్కరలేదు. ప్రోగ్రాము ఏదైనా, నువ్వు నిజంగా కొనబోయే కంపెనీ పట్టాల లైబ్రరీతోనే గీయాలి. ఒకే హెచ్‌ఓ స్కేలులో కూడా సమాంతర లైన్ల మధ్య దూరం మార్క్లిన్ సి-ట్రాక్‌లో 77.5 మి.మీ. అయితే, పీకో సెట్‌ట్రాక్‌లో 67. ఒకదానితో గీసి ఇంకోటి కొంటే ప్లాను మొత్తం జరిగిపోతుంది.

చెట్లు, ఇళ్లు, కొండలు త్రీడీలో చూసుకోవాలన్న ఉబలాటం నాకూ తెలుసు. అది చివరకు ఉంచు. త్రీడీని ముందుగా ఇంకో పనికి వాడు: కెమెరాను నీ కళ్ల ఎత్తుకు దించి, బల్ల అంచున నిలబడినట్టు పెట్టి, స్టేషను వెనకున్న లైను కనిపిస్తుందా, కొండ చాటున పాయింటు ఉందా అని చూడు. సొరంగంలో పాయింటు పెట్టడం నాకు ససేమిరా ఇష్టం లేదు. బల్ల కింద అడ్డకొయ్యలను వేరే లేయరులో గీసి, పాయింట్ల లేయరు మీద పరిచి చూడటం కూడా మరచిపోకు. పాయింటు కింద మోటారు బిగించాల్సిన చోట సరిగ్గా కొయ్య అడ్డం వస్తే, అప్పటికి పట్టా అతికించి ఉంటే, రంపం పెట్టుకుని బల్ల కింద పడుకోవాల్సిందే.

పట్టాలు కొనే ముందు అసలు కొలతకు, ఒకటికి ఒకటిగా, ప్రింటు తీయాలి. నీ బల్ల మొత్తానికి ఏ4 కాగితాలు అరవైకి పైగా అవుతాయి, అంత అక్కరలేదు. స్టేషను ముఖద్వారం, యార్డు మొదలు, వంతెన కింద లైను, ఈ మూడు చోట్లు చాలు. ప్రింటరు సెట్టింగుల్లో పేజీకి సరిపోయేలా కుదించే ఎంపికను తీసెయ్యి. లేకపోతే కాగితం అంచు ఖాళీల కోసం బొమ్మను కాస్త చిన్నది చేస్తుంది, కంటికి తెలియదు. ప్లానులోనే 100 మి.మీ. గీత ఒకటి గీసి ఉంచి, మొదటి కాగితం రాగానే స్కేలు పెట్టి కొలువు. ఆ తర్వాత ఒక్క పాయింటు మాత్రం కొని తెచ్చి ఆ కాగితం మీద పెట్టు. చివరలు గీతలతో కలిస్తేనే మిగతావి కొను. సాఫ్ట్‌వేర్ ఇచ్చే కొనుగోలు జాబితాలో పట్టా కీళ్లు, ప్లాస్టిక్ కీళ్లు ఉండకపోవచ్చు, అవి చేత్తో కలుపుకో. ఫైలును మార్చిన ప్రతిసారీ కొత్త పేరుతో దాచు. పాత ప్లానులోని ఒక సైడింగు మళ్లీ కావాలనిపించే రోజు తప్పక వస్తుంది.

ఇంతకీ నువ్వు తేల్చుకోవలసింది ఒకటుంది. పొడవైన రైలు ఆగకుండా తిరుగుతుంటే కూర్చుని చూడాలని ఉందా, లేక పెట్టెలను ముందుకూ వెనక్కూ తోసి సర్దే పని ఇష్టమా? మొదటిదైతే ఎన్ స్కేలు, ఇదే బల్ల, రెండు లూపులు. రెండోదైతే హెచ్‌ఓలోనే ఉండు, బల్ల ఆలోచన మానేసి గోడల వెంట 45 సెం.మీ. వెడల్పున ఒక అర బిగించు. నీ ఉత్తరంలో షంటింగ్ గురించి రాసిన భాగమే ఎక్కువ హుషారుగా ఉంది కనుక నా ఓటు రెండోదానికే, నిర్ణయం మాత్రం నీదే తల్లీ.

ఏదనుకున్నా కొత్త ఫైలు తెరువు, పాతదాన్ని సరిదిద్దుకుంటూ కూర్చోకు. అందులో మొదట గది, తలుపు, కిటికీ గియ్యి. పక్కనే ఒక మూల నీ అతి పొడవైన పెట్టె, ఇంజిన్, మొత్తం రైలు పొడవులు, కనీస వ్యాసార్ధం, గరిష్ఠ వాలు, లైన్ల మధ్య దూరం, చెయ్యి అందే హద్దు రాసి పెట్టు. పట్టాలేవీ వెయ్యకుండా ఆ ఫైలును నాకు పంపు. నేను గళ్లు గీసి తిరిగి పంపుతాను, తర్వాత ఇద్దరం కలిసి పట్టాలు పరుద్దాం.

ఆశీస్సులతో,
పెదనాన్న